రెండో దిండు

నర్సింగ్ ట్యూటర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు గుంటూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, ఇన్‌స్పెక్షన్ ఎలా గట్టెక్కాలి, ప్రిన్సిపాల్‌తో ఎలా నెగ్గుకురావాలి అని అడుగుతారు. అవన్నీ ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళకే వచ్చేస్తాయి. వాళ్ళు అడగనిది ఒకటుంది. వాళ్ళు అడగలేదు కదా అని నేనూ దాటవేస్తూ వచ్చింది అదే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటిపట్టునే ఉంటున్నాను కాబట్టి, కూర్చుని రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, కప్పిన శాలువాలు ఇందులో కనపడవు. మనుషుల పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

అక్కడి డిగ్రీ, ఇక్కడి చదువు

గుంటూరులో సర్కారు ఆసుపత్రిలో పాతికేళ్ళు చేశాను. మొదట స్టాఫ్ నర్సుని, తర్వాత వార్డు సిస్టర్ని, చివర్లో ట్యూటర్ని. తొంభయ్యో దశకం చివర్లో ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, పల్నాడు వెళ్ళే రోడ్డు మీదున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆ ట్రస్టు పెద్దలు ఇంగ్లండులో ఒక యూనివర్సిటీతో ఒప్పందం చేసుకున్నారు. మూడేళ్ళ డిప్లొమా చేసి మా వార్డుల్లో ఉద్యోగం చేస్తున్న నర్సులు ఇంకో రెండేళ్ళు ఇక్కడే చదివితే, ఆ యూనివర్సిటీ డిగ్రీ వస్తుంది. పాఠం మాది, ప్రశ్నపత్రం మాది, మార్కులు వేసేది మేమే. కొన్ని జవాబు పత్రాలు కొరియర్లో తెప్పించుకుని చూసి, ఏడాదికోసారి ఒక మనిషిని పంపి, ఇది మా డిగ్రీకి తగ్గ చదువే అని సంతకం పెట్టేది వాళ్ళు. దాన్నే వాలిడేషన్ అనేవాళ్ళు. పిల్లల తల్లిదండ్రులు అడిగితే, వంట మనది, రుచి చూసి సరేననేది వాళ్ళు అని చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో మా వైపు డిప్లొమా నర్సు పైకి చదవాలంటే ఉద్యోగం మానుకుని ఏ బెంగళూరో పోవాలి. మా పిల్లలు నేతపనివాళ్ళ కూతుళ్ళు, కౌలు రైతుల కూతుళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుల కూతుళ్ళు. ఉదయం డ్యూటీ దిగి, అన్నం తిని, తల మీద టోపీ కూడా తియ్యకుండా మూడింటికి ఎక్స్‌రే గది వెనకున్న క్లాసుకి వచ్చేవాళ్ళు. మొదటి బ్యాచ్‌లో పద్నాలుగు మంది. చదువు మీద అంత ఆకలి నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. లేకపోతే, నేను రాయబోయేది చదివి తప్పంతా ఆ పరాయి డిగ్రీదే అనుకుంటారు. తప్పు అక్కడ లేదు.

పది తప్పుల జాబితా

ఆ యూనివర్సిటీ పంపిన సిలబస్‌లో ఒక వింత అంశం ఉంది. ప్రతి నర్సూ ఒక డైరీ రాయాలి. డ్యూటీలో తను చేసిన పొరపాటు ఏంటి, దాని నుంచి ఏం నేర్చుకుంది అని నెలకో పేజీ. దానికి మార్కులు కూడా.

మా ప్రిన్సిపాల్ రిటైరైన సివిల్ సర్జన్. కత్తి పడితే చెయ్యి వణకని మనిషి, కాగితం చూస్తే వణికేవారు.

"ఏంటి సిస్టర్ ఇది, తప్పులు రాసిమ్మంటున్నారు. మన పిల్లల చేత సంతకాలు పెట్టించి మనమే పోలీసులకి అప్పజెప్పినట్టు కాదా?" అన్నారు.

అదే పేజీ కింద ఇంకో వాక్యం ఉంది. ఒప్పుకున్న తప్పుకి మార్కులు తగ్గించకూడదు, ఎలాంటి చర్యా తీసుకోకూడదు అని. ఆ వాక్యం నేను చదివాను. చదివి నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణముంది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్ ఒక మంచం వాళ్ళ ఇంజక్షన్ పక్క మంచం వాళ్ళకి ఇచ్చేసింది. రోగికి ఏమీ కాలేదు. ఆవిడ దాచకుండా రిపోర్టు బుక్కులో రాసింది. మర్నాడు మెమో, వారానికి సంజాయిషీ, నెలకి బదిలీ. ఆవిడ వెళ్ళిపోయాక ఆ వార్డులో ఇంకెవరూ పొరపాటున ఇంజక్షన్ మార్చి ఇవ్వలేదు, రిపోర్టు బుక్కు ప్రకారం. నేను ఉద్యోగం నేర్చుకుంది ఆ బుక్కు చూసే.

అందుకని ప్రిన్సిపాల్ గారూ నేనూ ఒక మధ్యాహ్నం కూర్చుని, ఎవరికీ ఏమీ కాని తప్పులు పది తయారుచేశాం. ఒళ్ళు తుడిచేటప్పుడు మంచం చుట్టూ తెర వేయడం మర్చిపోయాను. చెప్పకుండా థర్మామీటరు పెట్టాను. రోగి బంధువులతో గట్టిగా మాట్లాడాను. ఇలాంటివి. ఒకే నెలలో ఇద్దరికి ఒకే తప్పు రాకుండా రేషన్ సరుకులు పంచినట్టు పంచాను. పిల్లలు స్కేలుతో మార్జిన్లు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చారు.

రికార్డులు ఎలా తయారవుతాయో నర్సింగ్ చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. సీనియర్ అక్క రికార్డు అడిగి తెచ్చుకుని, బొమ్మలతో సహా దించేయడమే. నేనూ అలాగే దించాను, నాకు చెప్పిన మేడమూ అలాగే దించి ఉంటుంది. ప్రతి బ్యాచ్‌నీ ఆ కాపీ అలవాటు మానమని తిట్టేదాన్ని. వాళ్ళు తలూపి, సాయంత్రం మళ్ళీ అదే పని చేసేవాళ్ళు.

కోటయ్య

పత్తికి పురుగు ఎక్కువగా పట్టిన ఏళ్ళు అవి. దసరా వెళ్ళిందగ్గర్నుంచి మా మగవాళ్ళ వార్డులో సగం మంచాలు పురుగుమందు కేసులే. కొందరు పిచికారీ చేస్తూ చేలోనే పడిపోయినవాళ్ళు, కొందరు బతుకు విసిగినవాళ్ళు. మొదటి రోజంతా ఇంజక్షన్లు, నాడి, కంటిపాప చూసుకుంటూ యుద్ధం. ఆ రోజు గడిచిందంటే బతికినట్టే అనుకునేవాళ్ళం.

నాగలక్ష్మి చీరాల పిల్ల. తండ్రి ఇంట్లోనే మగ్గం నేసేవాడు. సన్నగా ఉండేది, మాట తక్కువ. క్లాసులో సందేహం వస్తే అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు దగ్గరికొచ్చి అడిగేది. ఆ డిగ్రీ పూర్తి చేసి నాలాగా ట్యూటర్ కావాలని తన కోరిక. ఆ పద్నాలుగు మందిలో ఆ ఉద్యోగానికి పనికొచ్చేది ఆ పిల్లే అని నాకూ తెలుసు.

కోటయ్య దాచేపల్లి అవతలి పల్లె నుంచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. కూలికి పత్తి చేలో మందు కొడుతూ, ఎదురుగాలికి ఒళ్ళంతా తడిసి పడిపోయాడు. రెండు రోజుల్లో తేరుకుని, ఇడ్లీ తిని, మా పిల్లలతో పరాచికాలాడుతున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. వార్డులో నేనూ ఉన్నాను కానీ, పత్తికాలంలో అలాంటివి మామూలే అనుకుని క్లాసుకి వెళ్ళిపోయాను.

తర్వాతి సోమవారం నాగలక్ష్మి డైరీ పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అవి తర్వాత ఫైలులో గుచ్చే విడి కాగితాలు. నిలబడే చదివాను. మూడో రోజు ఒంటిగంటన్నరకి కోటయ్య మెడ నిలబడటం లేదన్నాడు. నీరసం అనుకుని తను ఇంకో దిండు తెచ్చి తల కింద పెట్టింది. గంట తర్వాత నాడి చూద్దామని వస్తే ఊపిరి లేదు. ఆ వారమంతా లైబ్రరీలో కూర్చుని, యూనివర్సిటీ పంపిన పుస్తకాల్లో వెతికింది. మూడు లైన్లు దొరికాయి. మందు దిగి మనిషి బాగయ్యాడనుకున్నాక, రెండు మూడు రోజులకి ముందు మెడ పడిపోతుంది, దాని వెనకే ఊపిరి పోతుంది. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఆ మూడు లైన్లు నాకూ తెలియవు. పాతికేళ్ళ సర్వీసులో మూడో రోజు అలా పోయినవాళ్ళని గుండె ఆగిపోయిందని రాసి పంపించాం. ఆ కాగితం పట్టుకుని నిలబడ్డప్పుడు వాళ్ళ ముఖాలు కొన్ని గుర్తొచ్చాయి. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

"లేదండి. మీకే మొదట."

"డాక్టర్ గారికి?"

"అడిగితే చెబుదామనుకున్నానండి. ఆయన అడగలేదు."

"చించెయ్. ఈ నెల నీకిచ్చింది తెర వేయడం మర్చిపోవడం కదా. అది రాసుకురా."

"తెర నేనెప్పుడూ మర్చిపోలేదండి. ఇదే మేడం నేను చేసింది."

"చేశావు సరే. ఇది వాళ్ళ ఊళ్ళో తెలిస్తే ట్రాక్టర్లేసుకుని వచ్చి ఆసుపత్రి మీద పడతారు. నీ రిజిస్ట్రేషన్ పోద్ది, ఈ డిగ్రీ రాదు. మీ నాన్న నిన్ను చదివించింది ఇందుకా?"

నా చేతిలోని కాగితం తీసుకుంది. తర్వాత మెల్లగా, "మా నాన్న పోగు తప్పితే అక్కడిదాకా విప్పేస్తాడండి. ఎంత నేసినా సరే," అంది.

"ఇది చీర కాదమ్మా," అన్నాను.

ప్రేమగానే అన్నాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ పిల్ల చించలేదు. కాగితం తన చేతిలోంచి తీసుకుని నేనే చించాను. నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేసి, వాడిన దూది వేసే డబ్బాలో పడేశాను. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాను. మర్నాడు తెర మర్చిపోయిన పేజీ తెచ్చింది. పదికి ఎనిమిది మార్కులు వేశాను.

ఆ మూడు లైన్లు నోటిమాటగానైనా మిగతా నర్సులకి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. చెబితే, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని వాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడి నోరు మూసుకున్నాను.

మార్గరెట్ గారు

ఫిబ్రవరిలో ఆ యూనివర్సిటీ నుంచి మార్గరెట్ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు వార్డు నర్సు. మా క్యాంటీన్ టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగేవారు. రెండు రోజులు డైరీలన్నీ చదివి, మూడో రోజు నన్ను కూర్చోబెట్టారు.

"ఈ తప్పులు చాలా శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. మీ వార్డుల్లో ఎవరూ చనిపోరా?" అన్నారు.

"మా పిల్లలు జాగ్రత్తగా ఉంటారండి," అన్నాను.

ఆవిడ తన సంగతి చెప్పారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక చిన్నపిల్లకి మందు పొరపాటున ఎక్కువ ఇచ్చారట. ఏటా కొత్త క్లాసు మొదలుపెట్టేటప్పుడు మొదటి రోజు ఆ తప్పు రాసుకున్న పేజీయే చదివి వినిపిస్తారట. చెప్పి, నా వంక చూస్తూ ఆగారు. నేను ఇంకో టీ తెప్పించమంటారా అని అడిగాను.

ఆవిణ్ణి పొగడటం నా ఉద్దేశం కాదు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చి పోయే మనిషికి మన మెమోలు తెలియవు, బంధువుల కేకలు తెలియవు. ఊపిరి నిలబెట్టే మిషను ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే ఉండటం అంటే ఏంటో తెలియదు. కానీ ఆ రోజు ఆ గదిలో ఆవిడ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. లోపలికి వెళ్ళనిది నేను. వెళ్ళి ఉంటే తర్వాతి పత్తికాలానికి ఇంకా ఎనిమిది నెలల టైముంది.

సలోమి

సలోమి రెండో బ్యాచ్ పిల్ల. హాస్టల్లో నాగలక్ష్మి గదిలోనే ఉండేది. డైరీ మొదలుపెట్టేటప్పుడు అక్క డైరీ తీసుకుని, మొత్తం దించుకుంది.

ఆ కార్తీకంలో ఆడవాళ్ళ వార్డులో ఆదెమ్మ చేరింది. మిరప చేలో మందు కొట్టేవాళ్ళకి నీళ్ళు మోస్తూ, డ్రమ్ములో మందు చేత్తో కలిపేదట. రెండు రోజుల్లో తేరుకుంది. కోడలొచ్చి తల దువ్వి జడేసింది. మూడో రోజు పొద్దున్న మెడ వాలిపోతోందంటే, డ్యూటీలో ఉన్న సలోమి ఇంకో దిండు పెట్టింది.

నాకు కబురొచ్చి వార్డుకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. సలోమి ఆ దిండు గుండెలకి హత్తుకుని మంచం పక్కనే నిలబడి ఉంది.

"మెడ వాలిపోతే డాక్టర్ గార్ని ఎందుకు పిలవలేదమ్మా?" అన్నాను.

"నాకు తెలీదు మేడం. అక్క డైరీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కాపీ చేశాను. అందులో ఎక్కడా లేదండి."

తప్పించుకోవడానికి అన్న మాట కాదు అది. చెప్పిన పనంతా చేసిన పిల్ల చెప్పే మాటలాగే చెప్పింది. నేను ఏళ్ళ తరబడి తిట్టిన ఆ కాపీ అలవాటే, ఆ పేజీ ఉండి ఉంటే సలోమి చేత రాయించేది. స్కేలుతో గీతలు గీసుకుని మరీ రాసేది. తెలిసినా ఆదెమ్మ బతికేదో లేదో చెప్పలేను. ఆ ఊపిరి మిషను ఆ రోజు ఇంకొకరికి పెట్టి ఉంది, గుంటూరు చేరాలంటే గంట పైనే పడుతుంది. కానీ మెడ వాలినప్పుడే పిలిచి ఉంటే, గుంటూరు బయల్దేరడానికి ఆ గంట ఆదెమ్మకి దక్కి ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు ఖాళీ అయ్యాక నాగలక్ష్మి వచ్చింది.

"ఆ కాగితం ఇవ్వండి మేడం. సలోమికి చూపిస్తాను."

"ఎక్కడుందమ్మా, నీ ఎదురుగానే చించేశాను కదా."

తనకి తెలుసు. తెలిసే అడిగింది.

"మళ్ళీ రాయి. ఈసారి కింద నేను కూడా సంతకం పెడతాను," అన్నాను.

కూర్చుంది. కాగితం ముందు పెట్టుకుని, పెన్ను తీసి, అరగంట అలాగే ఉంది. చివరికి పెన్ను మూత పెట్టేసింది.

"అప్పుడు రాసింది నేను నేర్చుకున్నదండి. ఇప్పుడు రాస్తే సంజాయిషీ అవుతుంది."

ఇంకో నాలుగు నెలల్లో చివరి పరీక్షలు. నాగలక్ష్మి రాయలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి చీరాల వెళ్ళిపోయింది. ఆ ఉత్తరంలో కారణం ఏమీ లేదు.

ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "జాబితా ఇద్దరం కలిసి రాశాం కదా సిస్టర్," అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఒక్క మాటతో నిలబడింది. కానీ జాబితా రాసింది ఇద్దరం, కాగితం చించింది నేను ఒక్కదాన్నే.

ఆ వారం వార్డు వార్డుకీ తిరిగి మెడ సంగతి చెప్పాను. జాబితా చింపేశాను. అయినా తర్వాతి బ్యాచ్ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తెర మర్చిపోయిన పేజీలు రాసుకొచ్చారు. సీనియర్ల డైరీల్లో ఉన్నవి అవే మరి. కొన్నేళ్ళకి వేరే కారణాలతో ఆ ఒప్పందం ముగిసింది. మా దగ్గర ఆ డిగ్రీ తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు పెద్ద వార్డులు నడుపుతున్నారు, మంచి నర్సులు. వాళ్ళలో నాగలక్ష్మి లేదు.

చీరాల

ట్రస్టు ఉద్యోగమూ మానేశాక ఒకసారి ప్యాసింజరు ఎక్కి చీరాల వెళ్ళాను. నాగలక్ష్మి వాళ్ళన్న చీరల కొట్లో ఉంది. కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళకి విప్పి చూపించిన చీరలు మళ్ళీ మడత పెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"కూర్చోండి మేడం. మోకాళ్ళు నొప్పా?" అంది. నా నడక చూడగానే కనిపెట్టింది. నర్సు కదా.

నేను దాచుకోకుండా చెప్పేశాను. "నీ చదువు నా వల్ల పోయింది. నీ ఉద్యోగమూ నా వల్లే పోయింది."

మడత పెట్టడం ఆపలేదు. "నా సంగతి వదిలేయండి మేడం. ఆదెమ్మ సంగతి ఎక్కడైనా రాశారా?"

"లేదు."

"రాయండి. నా తప్పని కాదు, మీ తప్పని రాయండి."

రైల్లో వచ్చేటప్పుడు ఏడ్చాను. అయినా రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇది నా డైరీ పేజీ. నా తప్పు, నా దగ్గరికి వచ్చిన ఒక నిజాన్ని చించేయడం. దాని వల్ల ఆదెమ్మకి అందాల్సిన గంట అందలేదు, నాకన్నా మంచి ట్యూటర్ కావాల్సిన పిల్ల చీరలు మడత పెడుతోంది. నేను నేర్చుకున్నది ఏంటంటే, మీ దగ్గరికి ఏ పిల్లయినా వణుకుతూ ఒక కాగితం తెస్తే, ముందు కూర్చోమని చెప్పండి. చదివాక ఆ కాగితం మళ్ళీ తన చేతికే ఇవ్వండి.

నాగలక్ష్మి పేజీ ఆ రోజు నిలబడి ఒక్కసారే చదివాను, కానీ అక్షరం మర్చిపోలేదు. ఇంగ్లీషులో రాసింది. చివరి మాట ఒక్కటి ఇంగ్లీషులో పెట్టడం చేతగాక తెలుగు అక్షరాల్లోనే రాసింది. ఊపిరి పోయిన సంగతీ, ఆ మూడు లైన్లూ పైన రాశాను, మిగతాది కింద నా తెలుగులో ఇస్తున్నాను. మీ పిల్లలు ఎలాగూ కాపీ కొడతారు. దీన్ని కొట్టమనండి.

*మగవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం. మూడో రోజు, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మెడ నిలబడటం లేదని చెప్పాడు. తల ఎత్తమని నేను అడగలేదు. డాక్టర్ గార్ని పిలవలేదు. రెండో దిండు తెచ్చి పెట్టాను. సుఖంగా ఉన్నాడని చార్టులో రాశాను. ఆయన కళ్ళు మూసుకుని, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు.*